గంజి కాదు, గట్టి రంగు

ఆ రోజు ఉదయం గంజి వాసన నాకు పడలేదు. ఒంట్లో ఏదో తేడా చేసిందని మొదట తెలిసింది అక్కడే.

నేను ముప్పై ఏళ్ళు సైజింగ్ మేస్త్రిగా పనిచేశాను. కోయంబత్తూరు చుట్టుపక్కల పవర్‌లూములు నడిపేవాళ్ళకు పడుగు నూలుకి గంజి పట్టించి, ఆరబెట్టి, బీముకు చుట్టి పంపడం మా పని. గంజి పట్టని పోగు మగ్గం రాపిడికి నిలవదు, తెగిపోతుంది. స్టార్చ్ ఉడికే వాసన కొత్తవాళ్ళకు తల తిప్పుతుంది గానీ నాకు అది అన్నం వాసన. అలాంటిది ఆ ఆవిరి ముక్కుకు తగలగానే బయటికి పరుగెత్తి గోడవార వాంతి చేసుకున్నాను.

ఇంటికొచ్చి చెప్పులు విప్పితే పట్టీ అచ్చు పాదం మీద గాడిలా దిగి ఉంది. నా భార్య సరోజ బొటనవేలితో నొక్కి చూసింది. గుంట పడింది, పడిన గుంట అలాగే ఉండిపోయింది. సరోజ మా మేనత్త కూతురు, పెరియకుళం మామిడి తోటల పిల్ల. పెళ్ళయి ముప్పై ఏళ్ళు దాటినా, మా వైపు అలవాటు కనుక, నన్ను మామా అనే పిలుస్తుంది. డాక్టరు దగ్గరికి పోదామంది. పైత్యం అన్నాను. వారం రోజులు జీలకర్ర నీళ్ళు తాగాను.

నా గుణం ఒకటి ఇక్కడే చెప్పేస్తాను, ముందు ముందు అవసరం పడుతుంది. చప్పుడు విని మిషను రోగం చెప్పగలిగినవాణ్ణి కనుక, లోకంలో ప్రతి సంగతీ నాకు తెలుసుననే అనుకుంటాను. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. ఒకరిని అడగడం నాకు చిన్నప్పటి నుంచీ చేతకాదు.

జీలకర్ర నీళ్ళతో పాదాలు తగ్గలేదు, ఆయాసం మొదలైంది. రక్తం పరీక్ష చేయిస్తే క్రియాటినిన్ ఎక్కడో పైన ఉంది. నాకు పదిహేనేళ్ళుగా షుగరు. బీపీ మాత్ర గుర్తొచ్చిన రోజు వేసుకునేవాణ్ణి. నెఫ్రాలజీ డాక్టరమ్మ రిపోర్టు పక్కన పెట్టి, రెండు కిడ్నీలూ దాదాపు పని ఆపేశాయి, డయాలిసిస్ మొదలుపెట్టాలి అన్నారు. ఎన్ని రోజులు అని అడిగాను. ఆమె పెన్ను మూత పెట్టి, రోజులు కాదు అన్నారు. సరోజ తన కిడ్నీ ఒకటి ఇస్తానంది. ఎకో తీసి చూసి, మీ ఆయన గుండె ఇప్పుడున్న స్థితిలో ట్రాన్స్‌ప్లాంట్ ఆలోచించలేం అన్నారు.

మొదట మెడలో క్యాథెటర్ పెట్టి డయాలిసిస్ చేశారు. వారానికి మూడు సార్లు, సారికి నాలుగు గంటలు. రక్తం ఒక గొట్టంలోంచి బయటికి వెళ్ళి, డయలైజర్ అనే ఫిల్టరులో శుభ్రపడి, ఇంకో గొట్టంలోంచి వెనక్కి వస్తుంది. ఆ ఫిల్టరు చూసి నాకు ప్రాణం లేచి వచ్చింది. లోపల వేల కొద్దీ సన్నటి తెల్లటి పోగులు, విప్పని నూలు లచ్చి మాదిరి. ఏం నూలు ఇది, ఎంత సన్నం, ఏ కౌంటు అని సరోజతో తెలుగులో అంటుంటే పక్కనున్న నర్సు నవ్వింది. ఆమె పేరు స్టెల్లా. అవి నూలు కాదు, పాలిమర్‌తో చేసిన బోలు పోగులని, మీ రక్తం వాటి లోపల నుంచి పోతుందని తెలుగులోనే చెప్పింది. మీ ఇంట్లోనూ తెలుగేనా అని అడిగాను. నాలుగు తరాలుగా కోయంబత్తూరే, ఇంట్లో మాత్రం తెలుగేనట. ఆమెది చర్చి తెలుగు, మాది తోట తెలుగు, రెండింట్లోనూ సగం తమిళమే. అయినా ఆ హాల్లో మా మాట వినిపించగానే నాకు సగం భయం పోయింది.

మెడలో క్యాథెటర్ ఎక్కువ కాలం ఉంచకూడదు, ఇన్ఫెక్షన్ వస్తుంది. చేతిలో దారి కావాలి. ముందు ఎడమ మణికట్టు దగ్గర రక్తనాళాలను కలిపి ఫిస్టులా చేశారు. నా నరాలు సన్నం, అది ఎదగలేదు. తరువాత ముంజేతి చర్మం కింద ప్లాస్టిక్ గొట్టం పెట్టారు, దాన్ని గ్రాఫ్ట్ అంటారు. మూడు నెలలు బాగా నడిచింది. ఒక ఉదయం వేలు పెడితే, రక్తం పారుతుంటే తెలిసే అదురు లేదు. లోపల రక్తం గడ్డకట్టింది. ఆపరేషన్ చేసి గడ్డ తీశారు. మూడు వారాలకు మళ్ళీ కట్టింది. మళ్ళీ మెడలో క్యాథెటర్. ఈసారి మెడలో నరం కూడా ఇరుకైపోయి, అది ఎక్కించేటప్పటికి వాళ్ళ తలప్రాణం తోకకు వచ్చింది.

అప్పుడు వాస్కులర్ సర్జన్ నన్ను, సరోజను కూర్చోబెట్టి చెప్పారు. రక్తానికి తన నాళం గోడ ఏదో, పరాయి గోడ ఏదో తెలుసట. పరాయి గోడ తగలగానే రక్తంలోని ప్రోటీన్లు క్షణాల్లో దానికి అంటుకుంటాయి, వాటి మీద ప్లేట్‌లెట్లు వచ్చి కూర్చుంటాయి, అలా గడ్డ మొదలవుతుంది. కాబట్టి ఇప్పుడు కొన్ని గ్రాఫ్టులకు లోపలి గోడకే హెపారిన్ అనే మందును అతికించి తయారు చేస్తారు. రక్తం గడ్డకట్టకుండా ఆపే మందు అది. ప్లాస్టిక్ అదే, రక్తానికి తగిలే పైపొరను మాత్రం మార్చారన్నమాట. ఎడమ దండచేతిలో అలాంటిది పెడదామన్నారు. అడ్డుపడదని రాసిస్తారా అని అడిగాను. ఆయన దాచలేదు.

"రాసివ్వలేను. కొందరికి బాగా ఉపయోగపడింది, కొందరికి తేడా కనబడలేదు. కానీ మీకు చోట్లు అయిపోతున్నాయి. ఈ దారి మనం కాపాడుకోవాలి."

చోట్లు అయిపోతున్నాయి అనే మాట నా చెవిలో ఉండిపోయింది. ఈ గొట్టం పోతే నా రక్తాన్ని బయటికి తీసి లోపలికి పంపే దారి దొరకడం కష్టం. దారి లేకపోతే డయాలిసిస్ లేదు, డయాలిసిస్ లేకపోతే నేను లేను. లెక్క అంత సులువు.

అయితే ఆ పూత సంగతి విన్నప్పటి నుంచి నాకు ఎక్కడలేని ఉత్సాహం. ఆర్.ఎస్. పురం మీదుగా బస్సులో వెళుతూ సరోజకు పాఠం చెప్పాను. పోగు తెగకుండా మనం గంజి పెడతాం, గొట్టంలో రక్తం గడ్డకట్టకుండా వాళ్ళు మందు గంజి పెట్టారు, ఇంతే సంగతి. సర్జన్ అరగంట చెప్పిన దాన్ని ఒక్క ముక్కలో తేల్చేశాననుకున్నాను. ఆయన అతికించడం అన్న మాట మీద ఎందుకంత నొక్కి చెప్పారో ఆలోచించలేదు.

గ్రాఫ్ట్ పెట్టారు. చెయ్యి వారం రోజులు వాచింది, తరువాత తగ్గింది. చర్మం మీద వేళ్ళు ఆనిస్తే లోపల జుయ్‌మని అదురు. దాన్ని థ్రిల్ అంటారు. అది ఉంటే రక్తం పారుతున్నట్టు. ప్రతి ఉదయం కాఫీ ఇవ్వడానికి ముందు సరోజ నా చేతి మీద అరచెయ్యి పెట్టి చూసి, ఉండాది అనేది. ఆ ఒక్క మాట కోసం నేను కళ్ళు తెరవకుండా పడుకుని ఉండేవాణ్ణి. మూడో వారానికి అందులోంచే డయాలిసిస్ మొదలైంది. మెడలో క్యాథెటర్ తీసేశారు.

నేను చేసిన పొరపాటు అప్పుడే మొదలైంది. అది ఒక సైజింగ్ మేస్త్రి మాత్రమే చేయగలిగిన పొరపాటు.

గంజి వేడినీళ్ళకు పోతుంది. బట్ట నేసిన తరువాత రంగు వేసే డైయింగ్ వాళ్ళు మొదట చేసే పని వేడినీళ్ళలో ఆ గంజి వదలగొట్టడమే. నేను కష్టపడి ఎక్కించినదంతా వాళ్ళు గంటలో కడిగేసేవాళ్ళు, నాకు అదొక మంట. ఇప్పుడు నా చేతిలో గంజి ఉంది. చర్మం కింద వేలెడు లోతు కూడా లేదు. నీళ్ళు లోపలికి పోకపోవచ్చు, వేడి పోదా? సబ్బు వేసి రుద్దితే పూత వదలదా? ఎవరినీ అడగలేదు. అడగడం నాకు చేతకాదని ముందే చెప్పాను.

స్నానం చేసేటప్పుడు ఆ చేతికి ప్లాస్టిక్ సంచి తొడిగించి, రబ్బరు బ్యాండు పెడితే గ్రాఫ్టుకు ఒత్తిడి అని భుజం దగ్గర మెత్తటి గుడ్డతో వదులుగా కట్టించేవాణ్ణి. ఆ జాగ్రత్త మాత్రం తెలుసు నాకు. శనివారం నూనె స్నానం నాడు ఆ చెయ్యి ఒక్కటీ గోడకు ఆనించి నిలబడేవాణ్ణి. డయాలిసిస్ హాలు బయట వాష్‌బేసిన్ ఉంది. సూదులు పెట్టే ముందు ప్రతిసారీ చెయ్యంతా సబ్బుతో కడుక్కుని రావాలని స్టెల్లా మొదటి రోజే చెప్పింది. నేను కుళాయి తిప్పి, చప్పుడు వినిపించనిచ్చి, వేళ్ళ కొసలు తడుపుకుని వచ్చేవాణ్ణి. కడిగారా అయ్యా అంటే కడిగానమ్మా అనేవాణ్ణి. ఆమె సూది పెట్టే చోట మందుతో తుడిచేది. అది చాలదా అని నా ధీమా.

సరోజ ఒకసారి అడ్డు చెప్పింది. సిస్టర్ కడగమంది కదా అంది. నూలు సంగతి నాకు తెలుసా నీకు తెలుసా అని కసురుకున్నాను. ఆ మాట అన్నందుకు ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను. తను సంచి కట్టింది.

నెల తరువాత ఒక మంగళవారం డయాలిసిస్ మొదలైన అరగంటకు చలి పట్టుకుంది. మామూలు చలి కాదు, మంచం అదిరేంత. పళ్ళు కొట్టుకుంటుంటే నా పేరు నేను చెప్పలేకపోయాను. స్టెల్లా దుప్పట్లు కప్పి, డాక్టరును పిలిచి, క్రిములున్నాయేమో చూసే కల్చర్ పరీక్షకు రక్తం తీసింది. తరువాత నా చెయ్యి దీపం కిందికి తిప్పి చూసింది. కింది సూది పెట్టిన చోట ఎర్రగా, వేడిగా ఉంది. ఆమె చూపు అక్కడ ఆగలేదు. చేతి మీద ప్లాస్టర్ జిగురు గీతలు దుమ్ము పట్టి నల్లగా ఉన్నాయి, ఒకదాని మీద ఒకటి.

"అయ్యా, ఈ గమ్ము నిన్నటిది కాదు, మొన్నటిది కాదు. మీరు చెయ్యి కడుగుతుండారా?"

కడుగుతున్నానని తలూపబోయాను. సర్జన్ అప్పుడే లోపలికి వచ్చారు. ఇన్ఫెక్షన్ లోపల గ్రాఫ్ట్ దాకా పోయి చుట్టూ చీము చేరితే గొట్టం మొత్తం తీసేయాల్సిందే, డాప్లర్ స్కాన్ చేసి చూద్దాం అంటున్నారు. సరోజ మంచం కాళ్ళ దగ్గర నిలబడి ఉంది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో నలుగురిలో నా మాటకు ఎదురు చెప్పని మనిషి.

"లేదమ్మా. మామ చెయ్యి కడగలేదు. నెల దినాలుగా కడగలేదు, నేనే సంచి కడితిని. వేడినీళ్ళకి లోపల గంజి కరిగిపోతుందంట."

అంత చలిలోనూ నాకు ఒళ్ళు మండింది. మంచం మీద పడి ఉన్నవాణ్ణి పదిమందిలో పరువు తీసిందనుకున్నాను. ఎవరైనా నవ్వుతారని చూశాను. ఎవరూ నవ్వలేదు. స్టెల్లా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"ఏమిటికయ్యా నాకు చెప్పలేదు? అడిగుంటే ఒక్క నిమిషంలో చెప్పుదును కదా" అంది.

సర్జన్ స్టూలు లాక్కుని కూర్చున్నారు. ఏ గంజి అని అడిగారు. వణుకుతూనే నా సిద్ధాంతం మొత్తం చెప్పాను. ఆయన చివరిదాకా విన్నారు. కోయంబత్తూరు మనిషి, ఆయన నాన్న మిల్లులో పనిచేశారట. విని ఒకటే మాట అడిగారు. "మీ రక్తం చల్లగా ఉంటుందా వెచ్చగా ఉంటుందా?"

వెచ్చగా అన్నాను.

"ఆ వెచ్చటి రక్తం రాత్రింబవళ్ళు ఆ పూత మీదనే పారుతోంది. దానికే పోనిది, బయట మీరు పోసుకునే చెంబు నీళ్ళకు పోతుందా?"

ఇంత చిన్న సంగతి నా బుర్రకు ఎందుకు తట్టలేదో ఇప్పటికీ తెలియదు. ఆ మందు పైన పూసింది కాదు, ప్లాస్టిక్ పైపొరతో రసాయనికంగా ముడిపడి ఉంటుందన్నారు. కాలం గడిచేకొద్దీ దాని బలం తగ్గవచ్చు, ఈలోగా శరీరం కూడా లోపల తన పొర కొంత వేసుకుంటుంది, కడిగితే మాత్రం పోదు అన్నారు. అప్పుడు నాకు వెలిగింది. అంటే గంజి కాదు, రియాక్టివ్ రంగు. నూలు మీద కూర్చునే రంగు కాదు, నూలుతో కలిసిపోయే గట్టి రంగు, ఎన్ని ఉతుకులు ఉతికినా దిగనిది. అదేనా అని అడిగాను. అదే అన్నారు ఆయన. పక్క యూనిట్లో రోజూ చూసిన సంగతే. కానీ అది డైయింగ్ వాళ్ళ పని కనుక నాకు గుర్తుకు రాలేదు.

పాఠం బాగానే అర్థమైంది గానీ గొట్టం ఉంటుందో పోతుందో తెలియదు. డాప్లర్ గది బయట వరుసలో చక్రాల కుర్చీలో కూర్చున్నాను. సరోజ పక్కనే నిలబడింది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఏమిటో ఆ గంటలో తెలిసింది. కాసేపటికి సరోజ అలవాటుగా నా చేతి మీద అరచెయ్యి పెట్టింది. చాలాసేపు తియ్యలేదు.

"ఉండాది" అంది.

అప్పుడు ఏడ్చాను. సరోజ మీద కోపం ఎటు పోయిందో తెలియదు. నేను చెయ్యి కడగలేదన్న మాట ఆ హాల్లో చెప్పడానికి తను ఎంత గుండె చిక్కబట్టుకుందో అప్పుడు అర్థమైంది. తప్పు నాదే సరోజా అన్నాను. నా నోట ఆ మాట తను వినడం అదే మొదలు అనుకుంటాను, ఎందుకంటే ముందు నమ్మలేదు.

డాప్లర్ చేసిన డాక్టరు తెర చూస్తూ, పరవాయిల్లే, పరవాలేదు అన్నారు. గ్రాఫ్ట్ చుట్టూ ద్రవం లేదు, వాపు చర్మం వరకే ఉంది. లోపల పారుదల బాగుంది. మూడు రోజుల తరువాత కల్చర్ రిపోర్టు వచ్చింది, రక్తంలో క్రిమి పెరగలేదు. ఈ రెండు మాటల మధ్య మూడు రోజులు మేము ఏం తిన్నామో గుర్తు లేదు. రెండో మాట విన్న రోజు మాత్రం గుర్తుంది. ఆస్పత్రి ఎదుట కొట్లో ఇద్దరం కూర్చుని ఒక్కో ఇడ్లీ తిన్నాం. నీళ్ళు కొలిచి తాగాల్సినవాణ్ణి కనుక కాఫీ సగం సరోజకు పోశాను. అంత రుచైన సగం కాఫీ ఇంతవరకు తాగలేదు.

యాంటీబయాటిక్ కొన్ని వారాలు డయాలిసిస్ చివర్లో ఎక్కించారు. ఎర్రబడిన చోటు వదిలేసి సూదులు పైకి మార్చారు. మొదటి వారం బేసిన్ దగ్గర స్టెల్లా స్వయంగా నిలబడి, బడిపిల్లవాడికి చూపించినట్టు ఎలా రుద్దాలో చూపించింది. మోచేతి నుంచి భుజం దాకా, వెనక వైపు కూడా. నల్లటి జిగురు గీతలు పోయేటప్పటికి రెండు రోజులు పట్టింది. గంజి వదలగొట్టేవాళ్ళ మీద నాకున్న మంట కూడా ఆ బేసిన్‌లోనే పోయింది.

ఇది జరిగి రెండేళ్ళు దాటింది. గ్రాఫ్ట్ నడుస్తూనే ఉంది. మధ్యలో ఒకసారి గొట్టం చివర నరం ఇరుకైతే బెలూన్ పెట్టి వెడల్పు చేశారు. ఇంకోసారి చేయాల్సి రావచ్చునన్నారు. అది పూత తప్పు కాదు, అక్కడ పూత పని ఏమీ లేదు అని సర్జన్ చెప్పారు. ఈసారి అడిగి తెలుసుకున్నాను. రక్తం పలుచన చేసే మాత్ర రోజూ వేసుకుంటాను. బీపీ మాత్ర కూడా, గుర్తు రాకపోయినా వేసుకుంటాను, సరోజ ఎదురుగా నిలబడుతుంది కనుక. వేసవిలో పెరియకుళం నుంచి బావమరిది మామిడిపళ్ళ బుట్ట పంపుతాడు. పొటాషియం ఎక్కువ కనుక నాకు టెంక పక్క చెంప ముక్కలో సగమే రాసిచ్చారు. మామిడి తోట పిల్లను చేసుకుని పండు వాసన చూస్తూ బతకడం నా రాత. అయినా ఆ సగం ముక్క నములుతూ కూర్చుంటే నా అంత ధనవంతుడు లేడనిపిస్తుంది.

డయాలిసిస్ లేని రోజుల్లో రెండు పూటలు మా సైజింగ్ యూనిట్‌కు వెళ్ళి గంజి చిక్కదనం చూసి వస్తున్నాను. వాసన మళ్ళీ అన్నం వాసనే. తమిళం చదువుకున్నవాణ్ణి కనుక తెలుగు అక్షరాలు నాకు రావు. నేను చెబుతుంటే చిత్తూరు వైపు నుంచి వచ్చిన మా కోడలు ఇది రాసింది. నా తెలుగు దిద్దింది గానీ నా తెలివితక్కువతనం దిద్దవద్దని చెప్పాను.

నాలాంటి దారి చేతిలో ఉన్నవాళ్ళకు చెప్పేది ఒక్కటే. ప్రతి మనిషికీ తన పనిలోంచి ఒక భయం పుడుతుంది. దర్జీకి కుట్టు మీద, డ్రైవరుకు ట్యూబు మీద, నాకు గంజి మీద. ఆ భయాన్ని కడుపులో పెట్టుకుని సొంత వైద్యం చేసుకోకండి, అది ఎంత పిచ్చిగా ఉన్నా సూది పెట్టే నర్సుకు చెప్పండి. నవ్వితే నవ్వనివ్వండి. మొన్న శనివారం స్టెల్లా ఎప్పటిలాగే కడిగారా అయ్యా అని అడిగింది. నీళ్ళు కారుతున్న చెయ్యి చాచాను.